మంచి చెక్క నెక్‌కే: రాయగడలో ఒక ఎడమచేతి ఎలక్ట్రిక్ గిటార్ తయారీ

ఈ గిటార్ ఒడిశాలోని రాయగడలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి కోసం చేసింది. ఆమెది ఎడమచేతి వాటం. ప్రతి ఆదివారం చర్చిలో తెలుగు పాటలకీ ఒడియా పాటలకీ వాయిస్తుంది. ఎడమచేతి గిటార్ మా వైపు షాపుల్లో కనబడదు కాబట్టి, ఇన్నాళ్లూ మామూలు గిటార్‌కే తీగలు తిరగేసి కట్టుకుని నెట్టుకొచ్చింది. అలా తిరగేస్తే నాబ్‌లన్నీ పైవైపుకి, సరిగ్గా మోచేతి కిందికి వచ్చేస్తాయి. పై ఫ్రెట్లు (వేళ్లు నొక్కే చోట అడ్డంగా ఉండే లోహపు మెట్లు) అందడానికి బాడీలో తీసిన వంపు కింద ఉండాల్సింది, పైకి పోతుంది. "పాట మధ్యలో చెయ్యి తగిలి వాల్యూమ్ పడిపోతోందండి మేస్త్రి గారూ, నేను వాయించడం ఆపేశాననుకుని అందరూ నా వంకే చూస్తున్నారు" అని మొదటి రోజే చెప్పింది.

ఆమె చేతులు చిన్నవి. ఉన్న గిటార్ బరువుకి భుజం లాగేస్తోంది, రెండు గంటలు నిలబడి వాయించాలి మరి. చర్చి హాల్లో ట్యూబ్‌లైట్లు వేస్తే స్పీకర్లోంచి జుమ్మని రొద. ఇవన్నీ ఆమె చెప్పిన సంగతులు. వాళ్ల నాన్నగారు చెప్పింది ఇంకొకటి. తాతగారి కాలం నాటి ఇల్లు పడగొట్టినప్పుడు సింహద్వారం చెక్క దాచారట. మంచి టేకు, రెండు నిలువు చెక్కలు. "దీంతో బాడీ చెయ్యండి మేస్త్రి గారూ, నలుగురికీ కనబడేది అదే కదా" అన్నారు.

నేను వద్దన్నాను. ఆ చెక్క నెక్‌కి, అంటే తీగల కింద ఉండే పొడుగాటి మెడకి కావాలన్నాను. ఈ గిటార్ కథ రాయడానికి అసలు కారణం అదే. కస్టమ్ గిటార్ అడిగేవాళ్లందరూ బాడీ గురించి మాట్లాడతారు: ఏ చెక్క, ఏ రంగు, ఏ ఆకారం. చేతికి తగిలేది, వానకి వంగేది, సుతి తప్పించేది మాత్రం నెక్. ఇంట్లో ఉన్న అన్నిటికన్నా మంచి చెక్క, అన్నిటికన్నా ఎక్కువ ఓపిక అక్కడికే వెళ్లాలి.

బాడీ ఎందుకు కాదు

సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్ గిటార్‌లో మనం స్పీకర్‌లో వినేది చెక్క శబ్దం కాదు. అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్నటి రాగి తీగ పైన ఉక్కు తీగ కదిలితే పుట్టే కరెంటును పెద్దది చేసి వింటున్నాం. బాడీ చెక్క ఆ శబ్దాన్ని అసలు మార్చదని అనను. కానీ పికప్ (ఆ అయస్కాంతం, రాగి చుట్ట కలిసినది), తీగల మందం, పికప్‌కీ తీగకీ మధ్య ఎడం, స్పీకర్ — వీటి ముందు ఆ తేడా చాలా చిన్నది. ఇది నా పనిలోంచి వచ్చిన అభిప్రాయం, దీనితో ఒప్పుకోని మంచి పనివాళ్లు ఉన్నారని నాకు తెలుసు. బాడీ చెక్క కచ్చితంగా నిర్ణయించేవి బరువు, స్క్రూ పట్టు, ఒంటికి ఆనినప్పుడు ఎలా ఉంటుందన్నది.

నెక్ సంగతి వేరు. 10-46 సెట్టు తీగలు (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న తీగ మందం 10, లావు తీగది 46) 25.5 అంగుళాల స్కేల్ మీద, అంటే అంత తీగ పొడవు మీద, మామూలు సుతికి బిగిస్తే మొత్తం లాగుడు సుమారు 47 కిలోలు. రెండు సెంటీమీటర్ల మందం ఉన్న కర్ర ఆ లాగుడును రాత్రీ పగలూ మోయాలి. మోస్తూ, మధ్యలో పావు మిల్లీమీటరు మించి వంగకూడదు. వంగితే ఫ్రెట్లకి తగిలి తీగ గరగరలాడుతుంది, లేదా నొక్కడానికి వేళ్లు నొప్పెడతాయి. బాడీ 44 మిల్లీమీటర్ల మందం దిమ్మ, దానికి ఈ బెంగ లేదు.

రాయగడలో ఇది ఇంకా ముఖ్యం. మే నెల ఎండలకి తలుపులు ఎండి సందులు ఇస్తాయి, శ్రావణంలో అవే తలుపులు ఉబ్బి పట్టేస్తాయి. చెక్క చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమ తీసుకుంటుంది, వదులుతుంది. ముప్పై డిగ్రీల వేడిలో గాలి తేమ 50 శాతం ఉంటే చెక్కలో తేమ 9 శాతం దగ్గర నిలబడుతుంది. గాలి తేమ 85కి పోతే చెక్క 17 దాటుతుంది. ఆ రెండింటి మధ్య నెక్ ప్రతి ఏడూ తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడులో తక్కువ కదిలే చెక్క కావాలి. మన చెక్కల్లో టేకు ఆ పనికి పెట్టింది పేరు: తేమకి తక్కువ ఉబ్బుతుంది, తక్కువ మెలి తిరుగుతుంది, వంగకుండా నిలిచే బిగువులో విదేశీ గిటార్లకి వాడే మేపుల్‌కి దగ్గరగా ఉంటుంది.

నాన్నగారి ముందే ఆ నిలువు చెక్కకి తేమ మీటర్ సూదులు గుచ్చాను. 11 శాతం. పక్కనే అడితి నుంచి కొత్తగా తెచ్చిన పనస పలక ఉంది, దానికీ గుచ్చాను. 19. ఆయన రెండు అంకెలూ చూసి, "అయితే మా నాన్న తలుపు మా అమ్మాయి చేతిలోకే వెళ్తుందన్నమాట" అన్నారు. అక్కడితో ఆ మాట తేలిపోయింది.

పాపకి ఈస్టర్‌కే గిటార్ కావాలని ఉంది. క్రిస్మస్‌కి ముందు ఇవ్వలేనని ముందే చెప్పాను. నెక్ ఒక వానాకాలం చూడకుండా నా ఇంటి గుమ్మం దాటదు.

పాత చెక్క పని

పాత ఇంటి చెక్కలో మేకులుంటాయి. పైకి కనబడేవి పీకేస్తాం, లోపల విరిగి మిగిలినవే ప్రమాదం. చెక్క తొలిచే రౌటర్ మిషను బిట్ ఇనుముకి తగిలితే బిట్ పోతుంది, ముక్క ఎగిరి కంటికి తగలొచ్చు. అందుకని పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి, చెక్క మీద అంగుళం అంగుళం వేలాడదీస్తూ పోతాను. ఎక్కడ పక్కకి వాలితే అక్కడ సుద్దతో గుర్తు. ఈ చెక్కలో కీలు ఉన్న వైపంతా అలాంటి గుర్తులే వచ్చాయి. ఆ వైపు వదిలేసి, కీలు లేని చెక్కలోంచి నెక్ తీశాను.

టేకుకి ఇంకో గుణం ఉంది. దానిలో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, ఉలి అంచు తొందరగా మొద్దుబారుతుంది. పనిలో కూర్చున్నప్పుడు సానరాయి పక్కనే ఉండాలి. దుమ్ము కూడా మంచిది కాదు. టేకు, రోజ్‌వుడ్ రెండింటి దుమ్మూ కొందరికి చర్మం మీద దద్దుర్లు, ఊపిరి ఇబ్బంది తెస్తుంది. మాస్క్ లేకుండా ఈ పని చెయ్యొద్దని నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకి గట్టిగా చెప్తాను.

నెక్ ముక్కని కొలత కన్నా అన్ని వైపులా ఐదారు మిల్లీమీటర్లు ఎక్కువగా కోసి, కింద బద్దలు పెట్టి, గాలి ఆడేలా అటక మీద ఉంచాను. కోసినప్పుడు చెక్క లోపల ఉన్న బిగువు విడుదలవుతుంది, ముక్క కాస్త తిరుగుతుంది. తిరిగినంత తిరగనిచ్చి, మళ్లీ చిత్రిక పట్టి సమం చేసి, మళ్లీ ఉంచాలి. ఆరిందా లేదా అనడానికి మీటర్ ఒక్కటే నమ్మను. వంటింటి డిజిటల్ కాటా మీద తూచి, ఆ గ్రాములు తేదీతో సహా ముక్క మీదే పెన్సిల్‌తో రాస్తాను. వారం వారం తూకం దిగుతూ వచ్చి, ఒకచోట ఆగుతుంది. ఆగాకే పని.

హెడ్‌స్టాక్, అంటే నెక్ తల, వెనక్కి 10 డిగ్రీలు వంచాను, నట్ (నెక్ పైచివర తీగలు ఆనే సన్న ఎముక బద్ద) మీద తీగలకి సరైన ఒత్తిడి ఉండటానికి. ఒకే కర్రలోంచి ఆ వంపు తీస్తే చెక్క పోగులు వంపు దగ్గర అడ్డంగా తెగుతాయి, గిటార్ ఎప్పుడైనా కింద పడితే విరిగేది అక్కడే. అందుకని స్కార్ఫ్ జాయింట్ వేశాను: కర్రని ఏటవాలుగా కోసి, ముక్కని తిప్పి అతికించడం. పోగులు హెడ్‌స్టాక్‌లో కూడా పొడుగునా వెళ్తాయి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతుకు పెట్టే ముందు ఆ రెండు ముఖాలనీ ఎసిటోన్ ముంచిన గుడ్డతో తుడవాలి, ఆరిన వెంటనే జిగురు పుయ్యాలి. తుడిచి టీకి వెళ్లొస్తే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది.

హెడ్‌స్టాక్ మీద తీగలు బిగించే ట్యూనర్లు ఒక వైపు మూడు, ఇంకో వైపు మూడు పెట్టాను. ఆరూ ఒకే వరసలో ఉండే రకంలో ఎడమచేతి సెట్టు వేరుగా వెతకాలి. మూడు-మూడు సెట్టుకి ఎడమ కుడి తేడా లేదు. బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ కూడా, కదలని హార్డ్‌టెయిల్ రకమైతే, అంతే. ఎడమచేతి గిటార్ అనగానే అన్ని సామాన్లూ ప్రత్యేకంగా కావాలని భయపడేవాళ్లకి ఈ రెండు సంగతులూ సగం టెన్షన్ తగ్గిస్తాయి.

స్కేల్, ఫ్రెట్లు

చిన్న చేతులకి ఏం చెయ్యాలన్నది అడగ్గానే అందరూ నెక్ సన్నం చెయ్యమంటారు. నేను ముందు స్కేల్ పొడవు చూస్తాను, అంటే నట్ నుంచి బ్రిడ్జ్ వరకు తీగ పొడవు. ఫెండర్ గిటార్ల స్కేల్ 25.5 అంగుళాలు, అంటే దాదాపు 648 మిల్లీమీటర్లు. గిబ్సన్ వాళ్లది 24.75 అంగుళాలని చెప్తారు. నేను 628 మిల్లీమీటర్లు తీసుకున్నాను. మొదటి ఫ్రెట్‌కి తేడా ఒక మిల్లీమీటరే అనిపిస్తుంది, కానీ నాలుగు ఫ్రెట్లు వేళ్లు చాచి పట్టుకునే కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి మోగించే పట్టు) దగ్గర ఆ తేడాలు కూడతాయి. పైగా పొడవు తగ్గితే అదే సుతికి లాగుడు తగ్గుతుంది. అవే 10-46 తీగలు ఇక్కడ 44 కిలోల దగ్గరే ఉంటాయి. వేలికి మెత్తగా ఉంటుంది.

బొబ్బిలి వీణ చేసేవాళ్లు మైనంలో మెట్లు నిలబెట్టి, చెవితో విని జరుపుతారు. రాయగడ నుంచి బొబ్బిలి పార్వతీపురం మీదుగా రైలు దారే, ఆ పని దగ్గరగా చూసే అదృష్టం మాకు ఉంది. గిటార్‌లో ఆ వెసులుబాటు లేదు. గాడి ఒకసారి కోస్తే అంతే. అందుకే లెక్క ముందు. సప్తకంలో పన్నెండు సమాన స్వరస్థానాలు, ఒక్కో దానికి తీగ పొడవుని రెండు యొక్క పన్నెండో మూలంతో, అంటే 1.05946తో భాగించాలి. పనిలో వాడే సూత్రం ఇంకా తేలిక: మిగిలిన పొడవుని 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్ ఎడం వస్తుంది. 628ని భాగిస్తే 35.25 మిల్లీమీటర్లు, అది మొదటి ఫ్రెట్. మిగిలిన 592.75ని మళ్లీ భాగిస్తే 33.27, అంటే రెండోది నట్ నుంచి 68.52 దగ్గర. అలా పోతూ ఉంటే పన్నెండోది సరిగ్గా సగంలో, 314 దగ్గర పడాలి. పడకపోతే లెక్కలో ఎక్కడో తేడా ఉన్నట్టు.

గుర్తులు పెట్టేటప్పుడు ఒక ఫ్రెట్ నుంచి ఇంకో ఫ్రెట్‌కి కొలవకూడదు, ప్రతిదీ నట్ దగ్గర నుంచే కొలవాలి. లేకపోతే చిన్న చిన్న తేడాలు పోగవుతాయి. అరమిల్లీమీటరు తేడా మొదటి ఫ్రెట్ దగ్గర చెవికి దాదాపు తెలియదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర అదే అరమిల్లీ దాదాపు 3 సెంట్లు అవుతుంది, అర్ధస్వరానికి 100 సెంట్ల లెక్కన. ఇరవయ్యో ఫ్రెట్ దగ్గర 4 దాటుతుంది. కాబట్టి కింది ఫ్రెట్ల కన్నా పై ఫ్రెట్ల దగ్గర నిదానం ఎక్కువ కావాలి. చాలామంది ఉత్సాహం అక్కడికి వచ్చేసరికి తగ్గిపోతుంది.

ఫ్రెట్‌బోర్డ్‌కి, అంటే నెక్ మీద ఫ్రెట్లు దిగే పలకకి, మంచాలు చేసే ఒక వడ్రంగి దగ్గర మిగిలిన రోజ్‌వుడ్ పలక దొరికింది, మన జిట్రేగి. విదేశాలకి గిటార్లు పంపాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: ఈ జాతి చెట్లు దాదాపు అన్నీ 2017 జనవరి 2 నుంచి సైటీస్ (అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ) ఒప్పందం రెండో జాబితాలో ఉన్నాయి. తయారైన వాద్యాలకి 2019 నవంబర్‌లో సడలింపు వచ్చింది, విడి పలకలకి కాదు. ఇది పక్క వీధికి వెళ్లే గిటార్ కాబట్టి ఆ గొడవ లేదు.

నట్ దగ్గర వెడల్పు 41 మిల్లీమీటర్లు, మందం మొదటి ఫ్రెట్ దగ్గర 20.5. ఇక్కడ లెక్క సరిచూసుకోవాలి. ఫ్రెట్‌బోర్డ్ 6, ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేయడానికి లోపల పెట్టే లోహపు కడ్డీ) గాడి లోతు 9, కలిపి 15. కింద మిగిలేది ఐదున్నర మిల్లీమీటర్ల చెక్క. నెక్ ఇంకా సన్నం కావాలంటే ఆ ఐదున్నరలోంచే తియ్యాలి. నాలుగు కన్నా తక్కువకి నేను దిగను, ఎవరు బతిమాలినా. వెనక గుండ్రం తీసేటప్పుడు పాపని పిలిపించి, ఆకురాయితో కాస్త తీసి పట్టుకోమనడం, మళ్లీ తియ్యడం. ఆమె బొటనవేలు నెక్ వెనక ఆనే చోటు నేను ఊహించిన దానికన్నా కిందికి ఉంది. కాబట్టి ఆ వైపు భుజం కాస్త ఎక్కువ తీశాను, వెన్ను అలాగే ఉంచాను. షాపు గిటార్‌కీ దీనికీ చేతిలో తెలిసే పెద్ద తేడా ఇక్కడే.

ఫ్రెట్ తీగ నికెల్ సిల్వర్, 2.3 మిల్లీమీటర్ల వెడల్పుది. గాడి 0.6. తీగని ఫ్రెట్‌బోర్డ్ వంపు కన్నా కాస్త ఎక్కువగా వంచి, ముందు రెండు అంచులూ కొట్టి, తర్వాత మధ్యకి రావాలి. మధ్యలో ముందు కొడితే అంచులు లేస్తాయి. ఇరవై రెండూ దిగాక అన్నిటి తలలకీ నల్ల మార్కర్ పూసి, వంకర లేని అల్యూమినియం దిమ్మకి శాండ్ పేపర్ అంటించి పొడుగునా రుద్దాలి. ఎత్తుగా ఉన్న ఫ్రెట్ నలుపు ముందు పోతుంది, పల్లంలో ఉన్నది నల్లగానే ఉంటుంది. చివరి ఫ్రెట్ నలుపు కూడా సన్నగా చెదిరిన క్షణం ఆగాలి. ఒక్క రుద్దుడు ఎక్కువైతే వృథాగా ఫ్రెట్ ఆయుష్షు తీసినట్టే. ఆ తర్వాత తలలు మళ్లీ గుండ్రం చేసి, అంచులు వేలికి గుచ్చుకోకుండా ఒక్కొక్కటీ సన్న ఆకురాయితో నున్నగా చెయ్యాలి. ఈ అంచుల పనికి పట్టే సేపు బాడీ మొత్తం కోయడానికి పట్టదు. దీనికి డబ్బులు అడగడానికి నేను మొహమాటపడను.

బాడీ

పనస కర్ర. వీణ కుండ తొలిచే కర్ర అదే, చేతికి వచ్చిన కర్ర, ఉలికి వింటుంది. కోసినప్పుడు పసుపు పచ్చగా ఉండి, వెలుతురు తగిలే కొద్దీ ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది. రంగు వెయ్యాల్సిన పని లేదు. ఇబ్బంది బరువు. ఘనపు మీటరుకి 600 కిలోల లెక్కన ఈ సైజు బాడీ గట్టిగా ఉంచితే రెండున్నర కిలోలు తూగుతుంది, నెక్కూ సామాన్లూ కలిస్తే నాలుగు దాటుతుంది. భుజం నొప్పి అన్న పిల్లకి అది ఇవ్వలేం. అందుకని లోపల గదులు తొలిచి, పైన 6 మిల్లీమీటర్ల గుమ్మడి టేకు రేకు అతికించాను. బ్రిడ్జ్ కింద, నెక్ కూర్చునే చోట మాత్రం గట్టి చెక్క వదిలేశాను.

బాడీ మరీ తేలికైతే నెక్ బరువుకి గిటార్ కిందికి వాలిపోతుంది, వాయించేవాళ్లు ఎప్పుడూ చేత్తో నెక్ మోస్తూ ఉండాలి. ఫినిష్ వెయ్యకముందే అన్ని సామాన్లూ తాత్కాలికంగా బిగించి, పట్టీ తగిలించి, పాపని చేతులు వదిలెయ్యమన్నాను. కాస్త వాలింది. పై కొమ్ము మీద పట్టీ గుండీని పన్నెండో ఫ్రెట్ వైపు జరిపాక నిలబడింది. మొత్తం తూకం మూడుంపావు కిలోల దగ్గర తేలింది.

బ్రిడ్జ్ బెజ్జాలు వేసే ముందు రెండు చివరి తీగల స్థానంలో దారం లాగి, నట్ నుంచి బ్రిడ్జ్ వరకు రెండు దారాలూ ఫ్రెట్‌బోర్డ్ అంచులకి సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. గీసిన మధ్యరేఖని నమ్మి బెజ్జం వెయ్యొద్దు. లావు తీగకి 628 కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరిగే చోటు శాడిల్‌లో (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మ) ఉండాలి, లేకపోతే ఇంటొనేషన్, అంటే పై ఫ్రెట్ల దగ్గర సుతి, కుదరదు.

ఫినిష్ దసరా దాటాకే మొదలుపెట్టాను. వానల్లో లాకర్ పూత కొడితే గాలిలో తేమ పట్టి తెల్లబారుతుంది. మైనం తీసిన లక్కని స్పిరిట్‌లో కరిగించి ఒక పూత, దాని మీద గుడ్డతో పల్చగా పాలీయురేథేన్ పూతలు. మామూలు లక్కలో మైనం ఉంటుంది, దాని మీద పాలీయురేథేన్ సరిగ్గా పట్టదు. లక్క ఒక్కదానితో వదిలేస్తే చేతికి రాసుకునే శానిటైజర్‌కే కరిగిపోతుంది.

రొద, హాల్ వైరింగ్

పాత గిటార్‌లో సింగిల్ కాయిల్ పికప్‌లు. ఒక్క చుట్ట ఉన్న పికప్ తీగ కదలికతో పాటు చుట్టూ ఉన్న 50 హెర్ట్జ్ కరెంటు రొదని కూడా పట్టుకుంటుంది. ట్యూబ్‌లైట్ చోకు, ఫ్యాన్ రెగ్యులేటర్ ఆ రొదని ఇంకా గరుకు చేస్తాయి. దీనికి మందు హంబకర్ అనే పికప్. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ దానికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. రెండు చుట్టలు, ఒకదానికొకటి ఎదురుగా. అయస్కాంత ధ్రువాలు కూడా ఎదురుగా. బయటి రొద రెండింట్లో ఎదురుబొదురుగా వచ్చి కొట్టుకుపోతుంది, తీగ శబ్దం మాత్రం కలుస్తుంది. రెండు హంబకర్లు పెట్టి, లోపలి గుంటలకి రాగి టేపు వేసి, దాన్నీ బ్రిడ్జ్‌నీ గ్రౌండ్‌కి కలిపాను.

నాబ్‌ల కింద ఉండే పొటెన్షియోమీటర్ల దగ్గర ఎడమచేతి గిటార్‌కి ఒక చిక్కు ఉంది. వాల్యూమ్‌కి మామూలుగా ఆడియో టేపర్ రకం వాడతారు, చెవికి సమానంగా పెరిగినట్టు అనిపించడానికి. ఎడమచేతికి తిప్పే దిక్కు మారాలి కాబట్టి రెండు చివరి వైర్లూ అటూ ఇటూ మారుస్తాం. అప్పుడు ఆ టేపర్, అంటే తిప్పే కొద్దీ శబ్దం పెరిగే తీరు, తల్లకిందులవుతుంది, నాబ్ తిప్పే దూరంలో ఏదో ఒక చివర్లోనే శబ్దమంతా మారిపోతుంది. తిరగేసిన టేపర్ దొరికితే అదే మంచిది. దొరకకపోతే తిప్పినంత మేరా సమానంగా మారే లీనియర్ రకం, బి500కె. అది ఎటు తిప్పినా ఒకటే. నేను అదే వేశాను. నాబ్‌ని బ్రిడ్జ్ వెనక్కి, చిటికెన వేలికి అందేంత దూరంలో పెట్టాను, చెయ్యి తగిలి తిరిగే పని లేకుండా.

గిటార్ పట్టుకుని హాల్‌కి వెళ్లాం. రొద పోయింది. కానీ పాడబోయి మైక్‌కి పెదవి ఆనగానే పాప ఉలిక్కిపడి వెనక్కి జరిగింది, చురుక్కుమందట. "పాత గిటార్‌తో కూడా అలాగే కొట్టేదండీ, మైక్‌కి స్పాంజి తొడుక్కునేదాన్ని" అంది. ఏ హంబకరూ దీనికి మందు కాదు. గిటార్ తీగలు గ్రౌండ్ ద్వారా యాంప్లిఫయర్ ఇనుప పెట్టెకి కలిసి ఉంటాయి. ఆ పెట్టెకి ఎర్త్ లేకపోతే లీకేజీ కరెంటు తీగల మీదికి వస్తుంది. ఒక చెయ్యి తీగల మీద, పెదవి వేరే లైన్ మీద ఉన్న మైక్‌కి తగిలితే ఒంటి గుండా దారి దొరుకుతుంది. ఇది ప్రాణం తీయగల విషయం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపిస్తే స్టేజి పక్క బోర్డులో మూడో పిన్ను వైరే కలపలేదని తేలింది. కొత్తగా ఎర్త్ లైన్ లాగి, లీకేజీ వస్తే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టాక, మీటర్‌తో చూసుకుని, అప్పుడే గిటార్ చేతికిచ్చాను. ఎలక్ట్రిక్ గిటార్ అమ్మే ప్రతివాడూ అది మోగే చోటి ఎర్త్ చూసే వరకు పని అయిపోలేదనే అనుకోవాలి. ఈ మాట నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

ఏడాది తర్వాత

ఇచ్చేటప్పటి కొలతలు: మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ రెండూ నొక్కి ఉంచి, ఏడో ఫ్రెట్ దగ్గర తీగ కింద ఎడం 0.22 మిల్లీమీటర్లు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు సన్న తీగకి 1.5, లావు తీగకి 1.9. తీగలు 9-42, ఆమె అలవాటు పడ్డవి.

ఏప్రిల్‌లో ఫ్రెట్ అంచులు వేలికి కాస్త తెలుస్తున్నాయని వచ్చింది. ఎండకి ఫ్రెట్‌బోర్డ్ అడ్డంగా సన్నబడితే లోహం బయటికి పొడుచుకొస్తుంది. ఎండాకాలంలో ఇది మామూలే, సన్న ఆకురాయితో సరిచేశాను. వానలు దంచుతున్నప్పుడు మళ్లీ తెప్పించి కొలిచాను. 0.22 ఉన్న ఎడం 0.31 అయింది. మెలి తిరిగిందేమోనని నెక్ రెండు చివరలా రెండు స్టీలు స్కేళ్లు అడ్డంగా పెట్టి, వంగి చూశాను. రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి కలిసే ఉన్నాయి. ట్రస్ రాడ్ కొద్దిగా బిగిస్తే సరిపోయింది. వంగితే రాడ్‌తో సరిచెయ్యొచ్చు, మెలి తిరిగితే మాత్రం రాడ్ ఏమీ చెయ్యలేదు. పాత టేకు కోసం నేను పట్టుబట్టింది ఇందుకే.

ఇప్పుడు ఆమె వేళ్లు గట్టిపడ్డాయి, 10-46 తీగలు కావాలంటోంది. లాగుడు ఏడెనిమిది కిలోలు పెరుగుతుంది. ఎముక నట్‌లో లావు తీగల గాళ్లు కాస్త వెడల్పు చెయ్యాలి, రాడ్ మళ్లీ చూడాలి, శాడిల్స్ జరపాలి. తీగల సెట్టు తెప్పించి ఉంచాను. వానలు వెనకబట్టి నెక్‌లో తేమ దిగాక, కార్తీకంలో రమ్మన్నాను.